బొమ్మ నుండి వత్తు దాకా
(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున తల్లిదండ్రుల సభకై సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేళ్ల బడి పండుగలో పెద్ద పెద్ద విషయాలు ప్రస్తావించడం వాడుక. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం మాత్రం మిక్కిలి చిన్నది. అయిదారేళ్ల పసిబిడ్డ ‘గుడ్డు’ అనే మాటను వత్తు జారవిడువకుండా ఎట్లు వ్రాయగలదు? అందుకు బొమ్మ ఏ మేరకు తోడ్పడుతుంది? ఎక్కడ అడ్డు తగులుతుంది? ఇంతే సంగతి.

విషయం చిన్నదే గాని దాని వెనుక నున్న సమస్య చిన్నది కాదు. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాట నిలిచి ఉన్నది, వ్రాత తరిగిపోతున్నది. పెండ్లి పత్రికలో తెలుగు కనబడుతుంది, దానిని తప్పు లేకుండా చదవగలిగిన వారు ఇంటికి ఒకరో ఇద్దరో ఉంటారు. అవ్వ దాచుకొన్న పాటల పుస్తకం అలమారలోనే ఉంటుంది, విప్పి చదివే వారుండరు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం మేరకు ఆ విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న నేల భాష నేర్చుకోవడంలో ఎవరికీ తగవు ఉండనక్కరలేదు. అయితే దాని ఫలితంగా తెలుగు అక్షరానికి దొరికే గడియలు తగ్గినవన్నది కాదనలేని సత్యం. తగ్గిన ఆ కొద్ది గడియలలో బిడ్డకు వత్తులంటే భయం పుట్టినదా, ఆ ఇంట తెలుగు వ్రాత ఆ తరంతో ఆగిపోతుంది. కనుక మొదటి రెండేండ్లలో అక్షరాన్ని ఎట్లు చేరవేయాలన్నది ఇక్కడి తెలుగువారికి ఏదో బోధనాశాస్త్ర చర్చ కాదు, ఇంటి సంగతి.

బొమ్మతో అక్షరం నేర్పడం కొత్త ఊహ ఏమీ కాదు. కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో నూరెంబర్గు నగరంలో ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’ అనే బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఒక్కొక్క అక్షరం పక్కన ఆ ధ్వనిని పలికే ప్రాణి బొమ్మ ఉంటుంది. ఒకచోట కాకి, ఒకచోట గొఱ్ఱెపిల్ల. అక్షరానికి ప్రాణం ఉన్నదని, అది అరుస్తుందని, కూస్తుందని బిడ్డకు తోపించడం ఆయన ఉద్దేశం. తెలుగు బిడ్డల వరకు వస్తే, పెద్ద బాలశిక్ష ఏలుబడిలో చెవికి, నోటికి ఉన్న ప్రాధాన్యం కంటికి లేదు. వల్లె వేయడమే మార్గం. ఇసుకలోనో బియ్యంలోనో వ్రేలితో దిద్దించడం మాత్రం గొప్ప పద్ధతి. 1939లో మద్రాసు చేరిన మాంటిసోరి అమ్మ అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు చూపిన గరుకు కాగితపు అక్షరాలకు, మన వీధిబడి ఇసుక పళ్లేనికి చుట్టరికం లేకపోలేదు.

తరువాత వచ్చినవి గోడ పటాలు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఇ అంటే ఇల్లు, ఈ అంటే ఈగ. ఈ పటం లేని తెలుగు బడి లేదు. దీనిని తీసిపారవేయనక్కరలేదు, కాని దీనితో ఏమి రాదో తెలుసుకోవడం మంచిది. ఇది మాటలోని మొదటి ధ్వనిని పట్టిస్తుంది, అంతే. ఇల్లు బొమ్మను చూచి బిడ్డ ‘ఇ’ అంటుంది. ఆ మాట వ్రాయమంటే ‘ఇలు’ అని వ్రాస్తుంది. ల వత్తు సంగతి బొమ్మ చెప్పలేదు.

తమిళనాట ఈ పటానికి ఇంకొక చిక్కు ఉన్నది. బొమ్మ చూచిన బిడ్డ ఏ భాషలో దాని పేరు తలచుకొంటుంది? ఎలుకను చూపితే తమిళంలో ‘ఎలి’ అన్నా ఫరవాలేదు, మొదటి అక్షరం ఎ యే. ఈగ తమిళంలో ‘ఈ’, ఒంటె ‘ఒట్టగం’, అమ్మ ఎటూ అమ్మయే. ఈ నాలుగూ రెండు భాషలకూ చెల్లిన బొమ్మలు. ఏనుగు దగ్గరకు వచ్చేసరికి ‘యానై’ అంటుంది, ఉడుతను ‘అణిల్’ అంటుంది. ఇల్లు చూపితే ‘వీడు’ అంటుంది, తెలుగులో వీడు ఎవడో మరొకడు. ఓడను చూపితే ‘కప్పల్’ అంటుంది, పక్కన కూర్చున్న అవ్వకు చెరువులో కప్పలు గుర్తుకు వస్తాయి. నవ్వుకోవలసిన విషయమే, కాని హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయిన పటాన్ని తెచ్చి ఇక్కడి గోడకు తగిలిస్తే పని జరగదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఇక్కడి బడికి కావలసిన బొమ్మలను ఇక్కడి ఉపాధ్యాయులే ఏరుకోవలసి ఉంటుంది. మొదటి నెలలో రెండు భాషలకూ పొసగే బొమ్మలు, ఆ పిమ్మట తెలుగు పేరు ముందుగా నోటికి అలవాటు చేసిన బొమ్మలు. పేరు పలకని బొమ్మతో అక్షరం నేర్పబూనడం వృథా ప్రయాస.

బొమ్మను అక్షరం పక్కన పెట్టడం ఒక పద్ధతి, అక్షరంలోనే బొమ్మను ఇమడ్చడం ఇంకొక పద్ధతి. ఈ రెంటికీ నడుమ భేదాన్ని లిన్నియా ఎహ్రి, ఆమె తోటి పరిశోధకులు ఆంగ్ల అక్షరాలతో పరీక్షించి 1984లో ప్రకటించారు. అక్షరపు ఆకారమే వస్తువు ఆకారంగా చిత్రించినప్పుడు పిల్లలు ఆ ధ్వనిని తేలికగా నిలుపుకొన్నారు. అక్షరంతో పోలిక లేని బొమ్మను ఊరక పక్కన పెట్టినప్పుడు ఆ మేలు కనిపించలేదు. తెలుగు లిపిలో ఇందుకు వీలు పుష్కలంగా ఉన్నది. గ అనే అక్షరాన్ని చూడండి: విప్పిన గొడుగు, దాని మీద మొనగా తలకట్టు. ఒక కఱ్ఱ గీసి చూపితే చాలు. సున్నకు సున్నుండ కంటె మంచి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఆకారం సున్న, పేరులో సున్న, ఆ మాట వ్రాస్తే అందులోనూ సున్న.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, పూర్వులు పెట్టిన పేర్లను తలచుకోవాలి. అక్షరానికి తగిలించే గుర్తులకు తెలుగువారు గుడి, కొమ్ము, తలకట్టు, సుడి అని పేర్లు పెట్టుకొన్నారు. ఇవి ధ్వనుల పేర్లు కావు, బొమ్మల పేర్లు. అక్షరం నెత్తిన గోపురంలా వంపు తిరిగినది గుడి. పక్కగా కోడెదూడ కొమ్ములా సాగినది కొమ్ము. నెత్తిన చుట్టిన పాగా తలకట్టు. ‘గుడి’ అని వ్రాస్తే చివరి డి మీద గుడి ఉంటుంది, ఆ మాట ఇకారంతోనే ముగుస్తుంది. ‘కొమ్ము’ అని వ్రాస్తే చివర కొమ్ము ఉంటుంది, ఉకారంతో ముగుస్తుంది. పేరు పలికితే ధ్వని, కన్ను తెరిస్తే ఆకారం. ఇంతటి సదుపాయాన్ని చేతిలో ఉంచుకొని, గుణింతాన్ని బొమ్మ లేకుండా గడగడ వల్లె వేయించడం సొంత బావి ఉండగా నీళ్లు కొనితెచ్చుకోవడం వంటిది. (తలకట్టు అనే మాటలో నడిమి ల కు మాత్రం తలకట్టు లేదు. చురుకైన బిడ్డ దీనిని కనిపెట్టి అడుగుతుంది. అడిగినప్పుడు, తలకట్టు లేని అక్షరాలు ఇంకేవి ఉన్నాయో వెదకమని పంపితే ఆ పూట పాఠం దానంతట అదే సాగిపోతుంది.)

గుడికి దీర్ఘం వచ్చినప్పుడు గోపురానికి కలశం వచ్చినదనవచ్చు. ఎత్వ ఏత్వాలకు మాత్రం పూర్వులు బొమ్మ పేరు పెట్టలేదు, అక్కడ కొత్తగా కల్పించుకోవలసినదే. ‘మెడ’, ‘మేడ’ అనే జంట ఇందుకు చక్కగా ఒదుగుతుంది. ఒక అట్ట మీద హారం వేసుకొన్న మెడ, ఇంకొక అట్ట మీద రెండంతస్తుల మేడ. మేడకు పైన ఇంకొక అంతస్తు లేచినట్లే ఎత్వం మీద గీత పైకి లేచి ఏత్వం అవుతుంది. కొమ్ము విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వ పక్కన కొమ్మును నేరుగా తగిలిస్తే అది మ అయిపోతుంది. అందుకే వు వ్రాసేటప్పుడు కొమ్ము కింది నుండి వస్తుంది. ‘ఆవు’ వ్రాయబోయి ‘ఆమ’ వ్రాసిన బిడ్డ తప్పు చేయలేదు, తనకు నేర్పిన సూత్రాన్ని నమ్మకంగా పాటించినది. ఆ కారణం చెప్పి, ఆవు మెడ కింద గంగడోలులా కొమ్మును వ్రేలాడదీసి చూపితే మరల పొరపడదు.

ఇక వత్తులు. పిల్లల వ్రాతలో మిక్కిలిగా జారిపోయేది వత్తే. కారణం పిల్లల అశ్రద్ధ అని ఉపాధ్యాయులు అనుకోవడం కద్దు. ‘గూడు’, ‘గుడ్డు’ అనే రెండు మాటలను పలికి చూస్తే అసలు కారణం బయటపడుతుంది. ఛందస్సు తెలిసిన వారికి చెప్పనక్కరలేదు: రెంటిలోనూ మొదటిది గురువు, రెండవది లఘువు. చప్పట్లు కొట్టి మాత్రలు లెక్కిస్తే రెంటికీ ఒకే లెక్క. ఒకదానిలో అచ్చు సాగినది, మరొకదానిలో హల్లు ఒత్తినది. సాగినదో ఒత్తినదో చెవి ఒక్కటే తేల్చలేనప్పుడు కన్ను సాయం రావాలి. కొమ్మ మీద పిట్ట గూడు ఒక బొమ్మ, అందులో ఉన్న గుడ్డు ఇంకొక బొమ్మ. రెండు అట్టలూ ఎదుట పెట్టి పేర్లు పలికించి, గూడులో పెదవులు ఎంతసేపు నిలిచినవో, గుడ్డులో నాలుక ఎక్కడ ఆగినదో గమనింపజేసి, ఆ పిమ్మట వ్రాయించాలి. ఇట్లాంటి జంటలే ‘బడి’, ‘బడ్డి’, ‘ఆట’, ‘అట్ట’, ‘ఆకు’, ‘అక్క’. ఒంటరి మాటకు బొమ్మ వేయడం కంటె జంట మాటలకు బొమ్మలు వేయడం పదింతలు ప్రయోజనకరం. ఒంటరి బొమ్మ పేరు మాత్రమే గుర్తు చేస్తుంది, జంట బొమ్మలు తేడాను గుర్తు చేస్తాయి. వర్ణక్రమం అంటే తేడాలే గదా!

వత్తులలో చాలవరకు తలకట్టు తీసివేసిన అక్షరపు నీడలే. వాటికి వేరే బొమ్మ అక్కరలేదు. త, న, మ, య, ర, ల అనే ఆరు మాత్రం వేషం మార్చుకొని వస్తాయి. ఈ ఆరింటికీ ఆరు మంచి బొమ్మలు సిద్ధం చేసుకొంటే సగం బరువు దిగినట్లే. కత్తి, వెన్న, నిమ్మ, కొయ్య, చక్రం, మల్లె అన్నవి ఎంచుకోదగినవి. చక్రంలో ర వత్తు కింది నుండి ఎడమకు తిరిగి క ను చుట్టుకొంటుంది. ఆ వంపునే చక్రపు అంచుగా గీయవచ్చు.

తమిళం వల్ల వచ్చే చిక్కు, తమిళం వల్ల కలిగే మేలు, రెండూ చెప్పుకోవాలి. తమిళ లిపిలో క కు, గ కు ఒకే అక్షరం. అట్లే త, ద లకు ఒకటి, ప, బ లకు ఒకటి. ‘బొమ్మ’ను తమిళులు ‘బొమ్మై’ అనే పలుకుతారు, వ్రాసేది మాత్రం ప అక్షరంతో. దోసె కూడ అంతే, త తో వ్రాస్తారు. ఉదయం తమిళ గంటలో ఆ అలవాటు చేసుకొన్న బిడ్డ మధ్యాహ్నం తెలుగు గంటలో ‘పొమ్మ’ అని వ్రాస్తే దానిని తప్పుల పట్టీలో చేర్చి మందలించడం అన్యాయం. బల్లి సంగతి మరీ చిత్రం. తమిళంలో దాని పేరే ‘పల్లి’. ఈ బిడ్డలకు కావలసినవి ఎరుపు సిరాతో దిద్దిన పుటలు కావు, జంట బొమ్మలు. ముళ్ల కంప, వెదురు గంప. కాలికి కట్టు, పొలానికి గట్టు. పాట పాడే అమ్మాయి, పొలాల నడుమ బాట. ఒక్క అక్షరం మారితే బొమ్మ మారిపోతుందని కంటితో చూచిన బిడ్డ క, గ లను రెండు వేరు అక్షరాలుగా అంగీకరిస్తుంది. అంగీకారం కుదిరిన తరువాతనే అభ్యాసం.

మేలు కూడ ఉన్నది. ల, ళ ల భేదం, న, ణ ల భేదం తమిళం గట్టిగా పాటిస్తుంది. ‘కల’ను, ‘కళ’ను కలగలిపే దోషం తమిళం బాగా వచ్చిన తెలుగు బిడ్డలో తక్కువగా ఉండటానికి వీలున్నది. ఉపాధ్యాయులు ఈ బలాన్ని వాడుకోవాలి. హోసూరు వైపు కన్నడం కూడ తోడవుతుంది. ఆ లిపి తెలుగుకు తోబుట్టువు. తలకట్టు ఒకటి అడ్డగీతగా, ఒకటి రెక్క విప్పినట్లుగా ఉంటుందని చూపితే చాలు, బిడ్డ అక్కడ ఎక్కువసేపు తడబడదు.

ఒత్తు అక్షరాల విషయం, అంటే ఖ, ఘ, ఛ వంటివి, పసివారికి నిజంగా భారమే. తమిళ లిపిలో అవి లేవు, ఇంటి మాటలలోనూ తక్కువ. అవి ఎక్కువగా సంస్కృతం నుండి వచ్చిన మాటలలో ఉంటాయి. అయితే ఆ మాటలు బిడ్డకు కనబడే చోటు ఒకటున్నది, అది గుడి. తేరు పండుగ బొమ్మ ఒక్కటి పెద్ద అట్ట మీద గీస్తే అందులో రథం ఉంటుంది, రథం మీద ధ్వజం, స్వామికి పట్టిన ఛత్రం, ఆయన కంఠాన హారం. ముందు ఢంకా, శంఖం, ఘంట. చుట్టూ భక్తులు, వారి పళ్లేలలో ఫలాలు. థ, ధ, ఛ, ఠ, ఢ, ఖ, ఘ, భ, ఫ అన్నీ ఒక్క వీధిలో కూడినవి! ఇంట్లో మ్రోగేది గంట, ఇక్కడ ఘంట. రెండూ ఒప్పేనని ఒక మాట చెప్పాలి. పదింటిలో మిగిలినది ఝ. దానికి ఈ తేరులో చోటు దొరకదు, వెదకి తేవలసిన తొందరా లేదు. మూడవ తరగతిలో వచ్చినా కొంప మునగదు.

ఇంతవరకు బొమ్మ గుణాలు. దాని దోషం కూడ చెప్పకపోతే ప్రసంగం ఏకపక్షమవుతుంది. బొమ్మ ఎదుట ఉన్నంతసేపు బిడ్డ అక్షరాన్ని చూడదు. ఎందుకు చూడాలి? బొమ్మే జవాబు చెబుతున్నది గదా. 1967లో శామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకుడు చదువులో వెనుకబడిన పిల్లలకు బొమ్మతో కూడిన మాటలు, బొమ్మ లేని మాటలు నేర్పి చూచాడు. బొమ్మ పక్కనున్నప్పుడే వారు తక్కువ మాటలు నేర్చుకొన్నారు. అంటే, బొమ్మ చేతికఱ్ఱ వంటిది; నడక వచ్చిన తరువాత తీసివేయకపోతే కాలికి బలం రాదు. గోడకు తగిలించి ఏడాది పొడుగునా ఉంచిన పటం వలన వచ్చే నష్టం ఇదే.

కనుక బొమ్మను, మాటను ఒకే వైపు ఉంచరాదు. అట్టకు ఒక వైపు బొమ్మ, వెనుక వైపు మాట. బిడ్డ బొమ్మ చూచి పేరు పైకి పలుకుతుంది, అక్షరం అక్షరంగా విడదీసి పలుకుతుంది, పలక మీద వ్రాస్తుంది, ఆ తరువాతనే అట్ట తిప్పి తన వ్రాతను తానే సరిచూచుకొంటుంది. చూచి వ్రాయడం వేరు, తలచి వ్రాయడం వేరు. బొమ్మ పని తలపించడమే గాని చూపించడం కాదు. అట్ట తిప్పేది ఉపాధ్యాయుడు గాక బిడ్డ కావడం ముఖ్యం. తన తప్పును తాను కనుగొన్న బిడ్డకు సిగ్గు కలుగదు, కుతూహలం కలుగుతుంది. ఒక మాట మూడు పూటలు వరుసగా సరిగా వచ్చిన తరువాత ఆ అట్టను తీసివేసి, బొమ్మ లేకుండా ఒక చిన్న వాక్యంలో ఆ మాటను చెప్పి వ్రాయించాలి. ‘ఎందుకు’, ‘కాబట్టి’, ‘మళ్లీ’ వంటి మాటలకు బొమ్మ వేయడం ఎటూ సాధ్యం కాదు. అవి వాక్యంలోనే రావాలి, వాటికి బొమ్మలు కల్పించే శ్రమ వద్దు.

ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులలో కొందరికి తెలుగు వ్రాయడం రాదు. అందుకు వారు చిన్నబుచ్చుకోనక్కరలేదు, వెనుకకు తగ్గనక్కరలేదు. బొమ్మ అట్టలలోని సుగుణం ఏమంటే, చదువు రాని అవ్వ కూడ వీటితో పాఠం చెప్పగలదు. బొమ్మ చూపి పేరు పలకడానికి అక్షరం అవసరం లేదు. అవ్వ నోట ‘గుడ్డు’ అన్న మాటలో డకారం ఎంత గట్టిగా పడుతుందో, ‘కంప’ ‘గంప’ ఎంత వేరుగా వినబడతాయో, ఏ పాఠ్యపుస్తకమూ వినిపించలేదు. బిడ్డ వ్రాసి అట్ట తిప్పి పోల్చుకొంటుంది. అవ్వ రెండూ ఒకటిగా ఉన్నవో లేవో చూపుతో పోల్చి చెప్పగలదు. అట్లు పోల్చుతూ పోల్చుతూ నాలుగు అక్షరాలు అవ్వకే పట్టుబడినా ఆశ్చర్యం లేదు.

అట్టలకు డబ్బు అక్కరలేదు. పెండ్లి పత్రికల వెనుక వైపు తెల్లగానే ఉంటుంది, క్యాలెండరు బొమ్మలు కత్తిరించి అంటించుకోవచ్చు. బొమ్మ రాని వారు గీసిన బొమ్మే పిల్లలకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే దానిని చూచి నవ్వవచ్చు. వారానికి నాలుగు జంటలు, అంటే ఎనిమిది అట్టలు, చాలు. అంతకు మించితే ఆట పోయి అప్పగింత అవుతుంది. సోమవారం కొత్త అట్టలు బడి నుండి ఇంటికి వస్తాయి, శుక్రవారం బడికి తిరిగి పోతాయి. ఆ వారం రెండుమార్లు తప్పిన మాటల అట్టలు మాత్రం బిడ్డ సంచిలోనే ఉంటాయి, మరుసటి సోమవారం కొత్తవాటితో కలిసి మరల బయటకు వస్తాయి.